మట్టి కావలసిన దేవుడు

స్తంభనదుర్గం మీద కాకి వాలదు. వాలినా ముక్కుకు అందేది అక్కడ ఏమీ ఉండదు. ఆ కోటలో పండు కుళ్ళదు, పువ్వు వాడదు, ఇనుము తుప్పు పట్టదు. గంభీరానది మలుపు తిరిగే చోట, నల్లని కొండకొమ్మున, పగడాల రంగు బురుజులతో, శంఖంలాంటి తెల్లని గవాక్షాలతో, కట్టిన నాటి నునుపు చెదరకుండా నిలిచి ఉంటుంది. గోడల మీది మకరాలలో ఒక్కదానికీ పన్ను విరగలేదు. నడిబురుజు మీది రెండు తలల గండభేరుండం శిల్పానికి ఒక్క ఈక చెదరలేదు. సింహద్వారానికి కట్టిన మామిడాకుల తోరణం ఇంకా పచ్చగానే ఉంది. దాన్ని కట్టిన మనిషి మునిమనుమలు కూడా ఎప్పుడో పోయి ఉంటారు. ఎండ మాత్రం రోజూ వస్తుంది, పోతుంది. దాన్ని ఆపడం ఆ కోట యజమానికి ఇంకా చేతకాలేదు.

ఆ ఎండ బాగా ఎక్కిన వేళ ఇద్దరు బాటసారులు కొండదారిన పైకి వస్తున్నారు.

ముందు నడుస్తున్నవాడు పట్టు తలపాగా చుట్టి, చెవులకు ముత్యాల పోగులు పెట్టి, సముద్రవర్తకుడి వేషం వేసుకున్న కేయూరవర్మ. మందారగిరి రాజుకు చిన్నకొడుకు. సింహాసనం అన్నగారిది కావడంతో ఇతనికి తీరిక ఎక్కువ. ఆ తీరికను పాచికల మీద పోగొట్టకుండా దేశాలు తిరిగాడు. ఏ ఊరు చేరినా ముందు ఒకటే అడిగేవాడు: మీ దేవుడు ఏ రూపంలో ఉంటాడు, దేనితో చేస్తారు, ఎవరు చేస్తారు, చేశాక ఏం చేస్తారు? ఉప్పుగడ్డను దేవుడిగా మలచి సముద్రానికి ఇచ్చేసే వాళ్ళను చూశాడు. పెళ్ళిరోజున తప్ప మడత విప్పని దేవుడి వస్త్రాన్ని, దాన్ని విప్పిన చోటే కూర్చుని చూశాడు. అంతా చూసి, తలపంకించి, మరో ఊరికి వెళ్ళిపోయేవాడు. చూడటంలో అతన్ని మించినవాడు లేడు.

వెనక, నెత్తిన మూటతో నడుస్తున్నది ఈరమ. నీలికొండల మనిషి. ఆ కొండల్లో దేవుణ్ణి చెక్కే వంశం ఆమెది, చెక్కే చెయ్యి ఇప్పుడు ఆమెదే. వర్తకుడి పరిచారికగా ఆమెకు వేషం అక్కర్లేకపోయింది. ఉలిని మాత్రం కొప్పులో దాచుకుంది.

నీలికొండల వాళ్ళ దేవుడి పేరు కావలయ్య. చేవగల కర్ర కొండనిండా ఉన్నా, చెదలు ఇష్టపడే బూరుగు దుంగనే వాళ్ళు ఎంచి, నడుమెత్తు విగ్రహం చెక్కి, కొండనెత్తిన గాలికీ వానకీ ఎదురుగా నిలబెడతారు. కప్పు వేయరు, నూనె రాయరు. ఊరికి రావలసిన చెడుగు ముందు ఆయన్ని తాకుతుంది. ఆయన దాన్ని తన ఒంటి మీద వేసుకుని, తడిసి, ఎండి, పగిలి, పురుగుకు తిండి అయి, ఒకనాటికి మట్టి అవుతాడు. ఆ మట్టిని చేలల్లో చల్లి, అప్పుడు కొత్త కావలయ్యను చెక్కుతారు. పాతవాడు మట్టి కానిదే కొత్తవాడికి ఉలి పెట్టకూడదు.

అటువంటి కావలయ్యను, ఊరూరి దేవతలను పోగుచేసే స్తంభనదుర్గపు మాంత్రికుడు వజ్రలేపుడు ఎత్తుకుపోయాడు. అతను ఏ వస్తువుకు తన లేపం పూస్తే ఆ వస్తువుకు ఇక చావు లేదు. కొండనెత్తిన నిలబడేవాడు లేక నీలికొండల్లో చెడుగు ఇళ్ళల్లోకే దిగింది. వాన ముఖం చాటేసింది. చలిజ్వరం గుడిసె గుడిసెకూ పాకింది. ఈరమ చెల్లెలు ఆ జ్వరంలోనే మంచానికి అంటుకుపోయి ఉంది. దారిన పోతూ ఆ కొండల్లో ఆగిన కేయూరవర్మ ఈ కథంతా విని, ఈసారి తలపంకించి వెళ్ళిపోలేకపోయాడు. ఎందుకో అతనికే తెలియదు.

"రాజుబాబూ," వెనకనుంచి ఈరమ పిలిచింది. "లోపలికి ఎల్లడానికి ఏదో ఒక దేవుణ్ణి అమ్మజూపాలి అన్నావు గదా. మన కాడ దేవుడేడీ?"

"ఉన్నాడు. నీ మూటలో."

ఈరమ మూట దించి చూసింది. అటుకులు, ఉప్పు, చిన్న కుండ, కందిపప్పు, తాను దారిలో కాలక్షేపానికి చెక్కిన పప్పుగుత్తి. పిడికి సన్నని తీగ అల్లిక, కింద తామరమొగ్గలాంటి తల.

"ఇదా!"

"అదే. ఎంత ముచ్చటగా చెక్కావో చూడు."

"దీన్ని వాడికిచ్చేస్తే రేపు పప్పెలాగ మెదిపేది?" అంది ఈరమ, నవ్వకుండానే.

"రేపటిదాకా బతికుంటే ఆలోచిద్దాం."

ద్వారం దగ్గర భటులు రాతి బొమ్మల్లా బారులు తీరి ఉన్నారు. ఒంటినిండా సన్నని గాజుపొరలాంటి లేపం. కత్తులు దూసిన చేతులు దూసినట్లే ఉన్నాయి. కనుగుడ్లు మాత్రం బాటసారుల వెంట మెల్లగా కదిలాయి. దొంగతనానికి వచ్చినవాళ్ళూ, దండెత్తి వచ్చినవాళ్ళూ ఇలాగే నిలిచిపోయారని లోకం చెప్పుకునేది అబద్ధం కాదని కేయూరవర్మకు తెలిసిపోయింది.

వజ్రలేపుడు సభామంటపంలో ఒక్కడే కూర్చుని ఉన్నాడు. దంతంతో చేసినట్లున్న ముఖం. ఇరవయ్యేళ్ళవాడి చర్మం, ఏ వయసుకూ చెందని కళ్ళు. నవ్వితే పెదవులు విడతాయి గాని బుగ్గలు కదలవు.

"ఏ దేశం వర్తకుడివి? ఏం తెచ్చావు?"

"తూర్పు దీవుల నుంచి వస్తున్నాను, స్వామీ! అక్కడ ప్రతి ఇంటా కొలువుండే దేవతను తెచ్చాను," అంటూ కేయూరవర్మ పట్టుగుడ్డ విప్పి పప్పుగుత్తిని రెండు చేతుల మీద ఎత్తి చూపాడు.

మాంత్రికుడు లేచి వచ్చి దాని చుట్టూ తిరిగాడు. ఆ కోటలో వంటపొయ్యి వెలిగి ఎన్నో తరాలయింది. అతను అన్నం తిని ఇంకా ఎక్కువ కాలమయింది.

"అందంగా ఉంది. పూజ ఎలా చేస్తారు?"

పూజ విషయంలో కేయూరవర్మ ఒక్క అబద్ధమూ ఆడలేదు. "పూజ ఇల్లాలి చేతి మీదుగా జరుగుతుంది. నిప్పు రాజేసి, మట్టిపాత్రలో నీళ్ళు పోసి, పచ్చని గింజలు వేసి, అవి తమ రూపం విడిచేదాకా మరిగిస్తారు. తర్వాత ఈ దేవతను తలకిందులుగా ఆ ఆవిరిలోకి దించి, అడుగంటా తొక్కుతారు. అప్పుడు ఉప్పు సమర్పిస్తారు. కాగిన నేతిలో ఆవాలు చిటపటమంటుంటే మంత్రఘోషలా ఉంటుంది. ఇంటిల్లిపాదీ బారులు తీరి కూర్చుని ప్రసాదం అందుకుంటారు. అది అందని రోజున మగవాళ్ళు అలుగుతారు."

"పాత్రలో తలకిందులుగానా! మరుగుతున్నదాంట్లోనా!" వజ్రలేపుడి కళ్ళు జాలితో మెరిశాయి. "ఇంత సున్నితమైన పనితనాన్ని! మూర్ఖులు. ఎక్కడికి వెళ్ళినా ఇదే. అందమైనదాన్ని చేస్తారు, పొగపట్టిస్తారు, నూనె పోస్తారు, నీళ్ళలో విసిరేస్తారు. నేను లేకపోతే లోకంలో చూడదగింది ఒక్కటీ మిగిలేది కాదు. రా, వర్తకుడా! నీ దేవత ఎవరి పక్కన నిలవబోతోందో చూపిస్తాను."

ఈరమ తలవంచుకునే ఉంది. ఆమె భుజాలు అదురుతున్నాయి. కోపమో, నవ్వో ఎవరికీ తెలియదు.

దేవతాశాల తలుపులు చప్పుడు లేకుండా తెరుచుకున్నాయి.

నడవ కొసన దీపాలు చుక్కల్లా కనిపించేటంత పొడవైన శాల. రెండు వైపులా స్ఫటికపు అరలు. అరల నిండా దేవతలు. నెమలిపురి కిరీటాల మొహాలు, గవ్వల కళ్ళ మొహాలు, నాలుక చాపిన మొహాలు. కరగని వెన్నతో చేసిన గోవు. కడలిలో కలవవలసిన ఉప్పుదేవుడు ఇక్కడ తెల్లగా, పొడిగా కూర్చున్నాడు. పెళ్ళికి మాత్రమే విప్పే ఎర్రని వస్త్రం గోడ పొడవునా పరిచి ఉంది. పడవ ముక్కుకు తగిలించే చిత్రాలపలక, చూసినవాడి కళ్ళు తిరిగేలా సుడులు చెక్కినది, నీళ్ళకు ఎంతో దూరంలో కొక్కేనికి వేలాడుతోంది. మరోచోట ఊదారంగు జనపనార వలను బొమ్మలా చట్రానికి బిగించారు. ప్రతిదాని మీదా ఆ గాజుపొర. ప్రతిదీ చెప్పలేనంత అందంగా ఉంది.

కేయూరవర్మ వీటిలో ఎన్నో రకాలను వాటి వాటి ఊళ్ళలో చూశాడు. అక్కడ వాటి చుట్టూ పొగ, చెమట, పిల్లల ఏడుపు, మేకల అరుపు ఉండేవి. ఏనాడూ ఇంత తేటగా కనబడలేదు. ఒక్క క్షణం అతనికి మాంత్రికుడి మాటే న్యాయమనిపించింది. ఆ సంగతి తర్వాత ఈరమకు చెప్పుకున్నాడు కూడా.

"మీరు ఇక్కడే ఉండండి. లేపం మరిగించి వస్తాను," అని వజ్రలేపుడు పప్పుగుత్తిని పసిబిడ్డలా గుండెలకు హత్తుకుని పక్కగదిలోకి వెళ్ళాడు.

అతను మలుపు తిరగగానే ఈరమ అరల వెంట పరుగు తీసింది. ఆమెకు వెతకనవసరం లేకపోయింది. తూర్పుగోడ దగ్గర, విడిగా, పాలరాతి పీఠం మీద కావలయ్య నిలబడి ఉన్నాడు.

ఆమె తాత చెక్కిన విగ్రహం అది. దొంగ ఎత్తుకుపోయేనాటికే వానలు ఆయన్ని సగం మలిచాయి. ఎడమ బుగ్గ కరిగిపోయి ఉంది. పగుళ్ళు నుదుటి మీద ముడతల్లా దిగాయి. చెదలు తొలిచిన చోట గడ్డం మొలిచినట్లుంది. ఉలి మొదలుపెట్టినదాన్ని గాలీ వానా అందుకుని ఇంకా ముందుకు తీసుకుపోయాయి. ఊరి బాధనంతా విని, ఏమీ అనకుండా నిలబడ్డ పెద్దమనిషి ముఖం. కేయూరవర్మ ఇన్ని దేశాలు తిరిగీ ఇటువంటి ముఖాన్ని చూడలేదు.

ఈరమ కొప్పులోంచి ఉలి లాగి, గాజుపొర మీద ఆనించి, పీఠం మీది రాతిగుండుతో కొట్టింది. ఠంగుమంది. పొరకు గీత పడలేదు. ఉలి మొన రెండు ముక్కలై రాలింది.

"ఈ ఇంట్లో ఇంకే చప్పుడూ ఉండదు," అన్నాడు వజ్రలేపుడు, గుమ్మంలో నిలబడి. "అందుకే ఉలి చప్పుడు ఎంత దూరాన ఉన్నా నాకు వినిపిస్తుంది. నీలికొండల దానివా? నీ తాత పనితనాన్ని నువ్వే పగలగొట్టాలని వచ్చావా?"

"పగలగొట్టడానికి కాదు, మట్టి సెయ్యడానికి," అంది ఈరమ. "మాయయ్యని ఒగ్గెయ్యి."

"ఎందుకు? చెదలకా?"

"ఆఁ. సెదలకే."

మాంత్రికుడు ఆమెను పిచ్చిదాన్ని చూసినట్లు చూసి, రెండు అరచేతులూ చరిచాడు. శాల రెండు కొసల నుంచీ లేపభటులు కీలుబొమ్మల్లా కదిలి వచ్చారు. కీళ్ళు కదిలినప్పుడల్లా గాజు రాసుకున్న చప్పుడు. కేయూరవర్మ వర్తకుడి కర్రలోంచి కత్తి దూసి మొదటివాడి భుజం మీద వేశాడు. కత్తి వంగిపోయింది. రెండో దెబ్బకు పిడి మాత్రం చేతిలో మిగిలింది. వెనక్కి అడుగువేస్తూ గోడ దాకా వచ్చాడు. చేతికి ఏదో తగిలితే, ఏమిటో చూడకుండా చట్రంతో సహా పీకి భటుల మీదికి విసిరాడు.

అది ఊదారంగు వల. గాలిలోకి లేచిందో లేదో, దాని మీది గాజుపొర పటికబెల్లం పెచ్చుల్లా పగిలి రాలింది. చట్రం ఊడి దూరంగా పడింది. వల విచ్చుకుని, గిరికీలు కొట్టి, ముందువరస భటుల మీద నిండుగా పడి బిగుసుకుంది. వాళ్ళు ఒకరి మీద ఒకరు కుప్పగా కూలారు.

కేయూరవర్మ తన చేతుల్ని చూసుకున్నాడు. దక్షిణాన దుప్పుల్ని పట్టే వేటగాళ్ళ వల అది. వాళ్ళు దానికి పసుపు పెట్టి మొక్కుతారు, మొక్కి విసురుతారు. ఉలికి లొంగని లేపం విసిరితే రాలిపోయింది.

"ఈరమా!" అని కేకవేశాడు. "ఏ వస్తువును ఏ పనికి చేశారో ఆ పనికి పెడితే లేపం నిలవదు! చూడటానికి చేసినవి కావివి!"

"అయితే నీకు తెల్సిన పన్లన్నీ ఇప్పుడు సెయ్యి! నానేటి సెయ్యాలో ఆలోచిస్తాను," అని అరిచి ఈరమ కావలయ్య ముందు నిలిచి ఆలోచనలో పడింది.

ఇంకా భటులు వస్తున్నారు. వలను తొక్కుకుని, పడినవాళ్ళను దాటి వస్తున్నారు. కేయూరవర్మ కళ్ళు అరల వెంట పరుగెత్తాయి. ఆ తొడుగు మొహాల్లో ఒకటి పెట్టుకుందామా? ఎవరి మొహం? ఆ ఉడుముతోలు డప్పు? దాన్ని ఉత్తరపు ఎడారి అంచున ఒకసారి విన్నాడు. అక్కడి వాళ్ళు యుద్ధానికి బూర ఊదుతారు, డప్పు కొట్టరు. యుద్ధం ముగిసిందని, ఇక ఇళ్ళకు పొమ్మని చెప్పడానికి మాత్రమే ఆ డప్పు కొడతారు. దాని దరువు ఎలాగుంటుందో అప్పట్లో వేలితో మోకాలి మీద కొట్టుకుని నేర్చుకున్నాడు. ఏ పనికీ కాదు, ఊరికే.

దూకి డప్పు అందుకుని, అరచేత్తో కొట్టాడు. మొదటి దెబ్బ గాజు మీద పడి చిట్లింది. రెండోది తోలు మీద పడింది. మూడోదానికి దరువు కుదిరింది. నెమ్మదిగా, అలిసిపోయిన కాళ్ళ నడకలాంటి దరువు.

భటులు ఆగిపోయారు.

ఒకడి చేతిలోంచి కత్తి జారి నేలమీద మోగింది. మరొకడి చెంపమీద గాజుపొర చీలి, ఆ చీలికలోంచి కన్నీరు కారింది. వెనకవాళ్ళు ముందుకు వచ్చి డప్పును చూస్తూ నిలబడ్డారు. లేపం పెళుసై వాళ్ళ భుజాల మీంచి, మోచేతుల మీంచి రాలుతోంది. కింద నెరిసిన గడ్డాలు, పాత గాయాలు, చెమట పట్టిన మనుషులు బయటపడుతున్నారు.

"అయ్యా," ఒక భటుడు గొంతు పెగల్చుకుని అడిగాడు. "మా ఊళ్ళో కోతలు అయిపోయాయా?"

"వెళ్ళి చూసుకో," అన్నాడు కేయూరవర్మ డప్పు ఆపకుండా.

వాళ్ళు వెళ్ళసాగారు. ఎవరూ పరుగెత్తలేదు. కత్తులు అక్కడే వదిలేసి, వలలో పడ్డవాళ్ళను కూడా విడిపించుకుని, ఒకరి భుజం ఒకరు పట్టుకుని సింహద్వారం వైపు నడిచారు. వజ్రలేపుడు అరచేతులు చరిచాడు, మళ్ళీ చరిచాడు, మంత్రం చదివాడు. ఒక్కడూ తిరిగి చూడలేదు. మాంత్రికుడి ముఖం అప్పుడూ కదల్లేదు గాని, చెవి కింద వెంట్రుకవాసి బీట ఒకటి పడింది. అతను గిరుక్కున తిరిగి లేపం కాగుతున్న గదిలోకి పోయాడు.

"రాజుబాబూ! దరువాపి ఇటు రా," ఈరమ పిలిచింది. "మాయయ్య పనేటో ఆలోచించినాను. నిలబడ్డమే ఆయన పని. గాలిలో, ఎండలో నిలబడ్డం. ఇక్కడ నీడన నిలబెట్టీసినారు. ఎత్తు ఆ పక్క."

బూరుగు కర్ర తేలికే గాని లేపం బరువు తక్కువది కాదు. ఇద్దరూ కావలయ్యను పీఠం మీంచి దించి, చెరొక వైపు పట్టి, శాల పక్కనున్న వంపుమెట్ల మీదుగా బురుజు మీదికి ఈడ్చుకుపోయారు. ఒకచోట ఈరమ కాలు జారింది. ఒకచోట కేయూరవర్మ తలపాగా విగ్రహం కింద పడి చిరిగింది. ఎత్తుకుని, దించుకుని, రొప్పుతూ బురుజు నెత్తికి చేరారు. కింద గంభీరానది కంచుపళ్ళెంలా మెరుస్తోంది. దూరాన ఆకాశం అంచున నీలికొండలు పొగలా కనిపిస్తున్నాయి.

"మొకం కొండలకేసి," అంది ఈరమ.

తిప్పి నిలబెట్టారు. ఎండ ఆ ముఖం మీద పడింది. నది మీంచి గాలి వచ్చింది. ఏమీ కాలేదు.

ఆ కాసేపూ కేయూరవర్మ ఆ ముఖాన్నే చూస్తూ ఉండిపోయాడు. ఏమీ కాకపోతే బాగుండునని అతని మనసులో ఎక్కడో ఉంది. ఈ ఒక్కదాన్ని ఇలా మోసుకుపోయి మందారగిరిలో, మంచి వెలుతురున్న గదిలో పెడితే? కొండవాళ్ళకు ఇంకో మార్గం ఏదైనా వెతకవచ్చు కదా?

ఈరమ అతనికేసి చూసింది. "సూసినావు గదా?"

"చూశాను."

"సాల్లే మరి."

టక్కుమంది. కావలయ్య నుదుటి మీద పొర పగిలింది. ఆ తర్వాత ఆగలేదు. గాజు పెచ్చులు పెచ్చులుగా ఊడి బురుజు రాళ్ళ మీద గలగలమని పడింది. ఆపివేసిన కాలమంతా ఒక్కసారిగా ఆ కర్ర మీద దిగింది. ఏళ్ళ తరబడి కురవవలసిన వానల తడి దుంగలో ఊరింది, ఎండ దాన్ని పీల్చింది. పగుళ్ళు లోతయ్యాయి. ఎక్కడి నుంచి వచ్చాయో తెల్లని చెదలు వరసలు కట్టి పాకాయి. ముక్కు పోయింది. పెదవులు పోయాయి. కళ్ళు మాత్రం కాసేపు నిలిచి, కొండల్ని చూసి, అవీ పోయాయి. నిలబడ్డవాడు నిలబడ్డట్టే కుంగి, మెత్తని నల్లమట్టి పోగై కూర్చున్నాడు. ఆ మట్టినుంచి తొలకరి వాసన వేసింది.

కేయూరవర్మ కళ్ళు తుడుచుకున్నాడు. ఈరమ ఏడవలేదు. నెత్తిగుడ్డ విప్పి పరిచి, మోకాళ్ళ మీద కూర్చుని, రాళ్ళ సందుల్లోంచి కూడా ఊడ్చి మట్టినంతా గుడ్డలో పోసింది. "తాతా, బాగా నిలబడ్డావు," అని ఒక్కమాట అని మూట కట్టింది.

అప్పుడు మెట్ల మీద వజ్రలేపుడు కనబడ్డాడు. చేతిలో కాగుతున్న లేపం గిన్నె. అతని ముఖంలో సగం పగిలిపోయింది. పగిలినచోట ముడతలు పడ్డ, పళ్ళు లేని, మెరిసే కన్నున్న ముసలితనం తొంగిచూస్తోంది. నిలిపి ఉంచిన దేవతల బలంతోనే అతను నిలిచి ఉన్నాడు. వల పోయింది, డప్పు పోయింది, ఇప్పుడు కావలయ్య పోయాడు.

"హంతకులారా!" అతని గొంతు నిజంగా బొంగురుపోయింది. "అలాంటిదాన్ని ఇంకెవరైనా చేయగలరా?"

"నాను సేస్తాను," అంది ఈరమ. "ఇప్పుడు సెయ్యొచ్చు."

వజ్రలేపుడు గిన్నె విసిరాడు. ఈరమకు అడ్డంగా కేయూరవర్మ దూకాడు. లేపం అతని పాదాల మీద పడి, నేలకు అతుక్కుని, చలిలా పైకి పాకింది. చీలమండలు బిగిశాయి. పిక్కలు బిగిశాయి. మోకాళ్ళు రాయి అయ్యాయి.

"వెళ్ళు!" అని అరిచాడు కేయూరవర్మ. "మట్టి తీసుకుని వెళ్ళు! నా సంగతి చూడకు!"

ఈరమ కదల్లేదు. అతన్ని కింది నుంచి పైదాకా ఒక పనిముట్టును చూసినట్లు చూసింది. "నువ్వు దేనికి పనికొస్తావు, రాజుబాబూ?"

నడుమూ మొద్దుబారుతుండగా అతనికి నవ్వు వచ్చింది. "తెలియదు. ఇన్నాళ్ళూ చూస్తూ తిరిగాను."

"అదే నీ రోగం," అంటూ ఆమె మట్టిమూట ఎత్తి అతని తలమీద పెట్టింది. "మొయ్యి. మాయయ్యని ఇంటికి మోసుకురా."

మూట అనుకున్నదానికన్నా బరువుగా ఉంది. మెడ కుంగింది. జారకుండా రెండు చేతులతో పట్టుకున్నాడు. ఒక దేవుడి బరువు మోయడం అతనికి అదే మొదలు. పడిపోకుండా నిలదొక్కుకోవాలని కాలు దానంతట అదే ముందుకు పడబోయింది. పెళపెళమని మోకాళ్ళ దగ్గర లేపం విడింది. రెండో ఊపుకు పిక్కలు విడ్డాయి. మూడో ఊపుకు పాదం రాతిని వదిలింది.

"పరిగెట్టు!"

ఇద్దరూ మాంత్రికుడి పక్కనుంచే మెట్ల మీదికి దూకారు. అతను పట్టుకోబోయాడు గాని, వయసు మీదపడిన చేతికి ఈరమ మోచెయ్యి గట్టిగా తగిలింది. దేవతాశాల గుండా పరుగెత్తుతుంటే అరల మీద మొహాలు చిన్నగా అదురుతున్నాయి. సింహద్వారం తోరణంలో ఆకులన్నీ ఒక్కసారిగా ఎండి రాలి ఉన్నాయి. ఇళ్ళకు పోతున్న భటుల గుంపు కొండదారినంతా నిండి ఉంది. "దారి, దారి!" అని ఈరమ అరిస్తే వాళ్ళు పక్కకు తప్పుకున్నారు. మూటలో ఏముందో ఎవరూ అడగలేదు. చాలామంది చేతులు జోడించారు.

రేవులో ఒక పడవ దొరికింది. ఈరమ గెడ అందుకుని గట్టును తోసింది. కేయూరవర్మ పడవ మధ్యలో కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడ్డాడు. మెడ నరాలు తెగిపోతున్నాయి. చేతులు తిమ్మిరెక్కాయి. నది మధ్యకు వచ్చేసరికి ఎండ చప్పున ఆరిపోయింది.

మబ్బు అనుకుని ఇద్దరూ పైకి చూశారు. మబ్బు కాదు. స్తంభనదుర్గపు నడిబురుజు మీది, ఇన్నాళ్ళూ శిల్పమని అందరూ అనుకున్న రెండు తలల గండభేరుండం రెక్కలు విప్పి నదికి అడ్డంగా వస్తోంది. దాని మెడల మధ్య సగం ముఖం పగిలిన ముసలివాడు కూర్చుని ఉన్నాడు.

కేయూరవర్మ ఆయుధం కోసం చుట్టూ చూశాడు. పడవలో గెడ తప్ప ఏమీ లేదు. "ఈరమా, మూట కాస్త కింద పెట్టనీ! గెడ ఇలా ఇవ్వు!"

"పెట్టకూడదు," అంది ఈరమ, నీటిలోంచి గెడను పైకి లాగి రెండు చేతుల్లో ఈటెలా పట్టుకుంటూ. "నెత్తికెత్తినాక మా సేను సేరేదాకా మాయయ్య నేల తాకకూడదు. నువ్వు మొయ్యి. నాను కొడతాను."

రెక్కల గాలికి పడవ ఒక పక్కకు ఒరిగింది. కేయూరవర్మ మూటను ఇంకా గట్టిగా పట్టుకున్నాడు.